సూట్‌కేసు అడుగున మాత్రం వద్దు

విగ్గు ఉతకడం గురించి పోయిన సంచికలో రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ప్రయాణాల గురించే ఉన్నాయి. అందుకే ఈసారి మొత్తం అవే.

ఈ శీర్షిక కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇరవై ఆరేళ్లు నాటక బృందాల వెంట తిరిగి విగ్గులు దువ్వాను, కుట్టాను, పెట్టెల్లో సర్దాను. తొమ్మిదేళ్ల కిందట నా జుట్టే బిళ్లలు బిళ్లలుగా ఊడటం మొదలై, ఏడాది తిరిగేసరికి మొత్తం పోయింది. అప్పటిదాకా ఇంకొకళ్ల తలకు పెట్టినదాన్ని నా తలకే పెట్టుకోవాల్సి వచ్చింది. కాబట్టి కింద చెప్పేవాటిలో కొన్ని తెర వెనక నేర్చుకున్నవి, కొన్ని అద్దం ముందు ఏడుస్తూ నేర్చుకున్నవి.

ప్రశ్న: అక్కా, కీమో అయిపోయి మూడు నెలలైంది. జుట్టు ఇంకా అంగుళం కూడా రాలేదు. వచ్చే నెల చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాను, రెండు విమానాలు మారాలి. నా దగ్గర రెండు విగ్గులున్నాయి. ఒకటి మెడ దాకా వచ్చే సింథటిక్‌ది, ఇంకోటి నడుము దాకా ఉండే అసలు జుట్టుది. ఒకటి పెట్టుకుని, రెండోదాన్ని ఎవరి కంటా పడకుండా సూట్‌కేసు అడుగున బట్టల మధ్య పెడదామనుకుంటున్నాను. పాడవుతుందా?

జవాబు: పాడవుతుంది తల్లీ. ప్రయాణంలో చెడిపోయాయని నా దగ్గరికి తెచ్చిన విగ్గుల్లో ఎక్కువ భాగం ఇలా దాచినవే. ఎవరైనా చూస్తారేమోనని అన్నిటికంటే కిందకు తోస్తాం. దాని మీద పది కిలోల బట్టలు, చెప్పులు, షాంపూ సీసా. విమానం దిగి తీసేసరికి పాపిడి పక్కకు తిరిగి, ముంగురులు పైకి లేచి, లోపలి టోపీ అప్పడంలా అణిగిపోయి ఉంటుంది. దాచడం వేరు, భద్రంగా పెట్టడం వేరు. నువ్వు రెండోది చెయ్యి.

ముందు ఏది పెట్టుకోవాలో చూద్దాం. తలకు సింథటిక్‌ది పెట్టుకో, పొడవుది బ్యాగులో పెట్టు. పొడవు జుట్టు గంటల తరబడి సీటు వీపుకు రాసుకుంటే మెడ దగ్గర చిక్కు పడి ఉండలు కడుతుంది. నీ పొట్టి విగ్గుకు ఆ బాధ తక్కువ. పైగా తేలిక, చెమట పట్టినా దాని ఆకారం అదే.

ఇక సర్దడం. బయల్దేరే ముందు రోజు రాత్రే మొదలుపెట్టు, క్యాబ్ కింద హారన్ కొడుతుంటే చేసే పని కాదిది. విగ్గు పూర్తిగా ఆరిందో లేదో లోపలి టోపీని చెంపకు ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. పిన్నులు, క్లిప్పులు అన్నీ తీసెయ్. మరిచిపోయిన పిన్ను తుప్పు పడితే లేసు మీద, అంటే వెంట్రుకలు కుట్టిన పలుచటి వల గుడ్డ మీద, పడ్డ మరక ఇక పోదు. కొసల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వుకుంటూ రా. పొడవు జుట్టును వదులుగా ఒక జడ అల్లి, మెత్తటి గుడ్డ రబ్బరు పెట్టు. తర్వాత విగ్గును తిరగేసి చూస్తే చెవుల దగ్గర రెండు చిన్న రెక్కలుంటాయి. ఆ రెండూ ఒకదానికొకటి ఆనేలా మధ్యకు మడువు. ముందువైపు లేసు లోపలికి వెళ్లాలి, బయట గీసుకోకూడదు. జడను ఆ మడత చుట్టూ తిప్పి హెయిర్‌నెట్ తొడుగు. శాటిన్ సంచిలో పెట్టు. శాటిన్ ఎందుకంటే నూలు గుడ్డ వెంట్రుకలను పట్టుకుంటుంది, శాటిన్ జారనిస్తుంది. ఆ సంచిని ఒక గట్టి డబ్బాలో ఉంచి, డబ్బాను క్యాబిన్ బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టు.

తిరుగు ప్రయాణంలో సింథటిక్‌ది సర్దాల్సి వస్తే మడవకు. టోపీ లోపల తెల్ల టిష్యూ కాగితం ఉండచుట్టి, తల ఉన్నట్టే గుండ్రంగా నింపి డబ్బాలో కూర్చోబెట్టు. న్యూస్‌పేపరు వాడితే సిరా అంటుతుంది. ఈ తేడా ఎందుకంటే, సింథటిక్ అంటే సన్నగా తీసిన ప్లాస్టిక్ పోగు. ఫ్యాక్టరీలో వేడి పెట్టి దానికి ఒక ఆకారం ఇస్తారు. ఉతికినా అదే ఆకారానికి వస్తుంది, అది దాని సుగుణం. కానీ వెచ్చటి చోట నొక్కుకుపోతే ఆ నొక్కునే కొత్త ఆకారమనుకుంటుంది. అసలు జుట్టుకు అంత పట్టుదల లేదు. నీళ్లు చిలకరించి దువ్వితే మడత పోతుంది.

చెకిన్ సామానులో ఎందుకు వద్దంటున్నానో నా అనుభవమే చెబుతాను. జుట్టు పోయిన కొత్తలో ఒక పెళ్లికి వెళ్తూ, మంచి విగ్గు సూట్‌కేసులో పెట్టి స్కార్ఫు కట్టుకుని విమానం ఎక్కాను. నేను దిగాను, సూట్‌కేసు దిగలేదు. మూడో రోజు వచ్చింది, పెళ్లి రెండో రోజున అయిపోయింది. ఆ ఫొటోలన్నిటిలో నేను ఆకుపచ్చ స్కార్ఫుతోనే ఉంటాను. అప్పటి నుంచి బట్టలు పోయినా పర్లేదు గానీ విగ్గు మాత్రం నా ఒళ్లోనే.

చేరగానే టీ కూడా తాగకుండా ముందు డబ్బా తెరువు. విగ్గు తలకిందులుగా పట్టుకుని మెల్లగా దులిపి, దేనికైనా తగిలించు. సింథటిక్ మీద చిన్న చిన్న నొక్కులుంటే బాత్‌రూం తలుపు మూసి వేడినీళ్ల షవర్ పది నిమిషాలు వదులు. విగ్గు తలుపు కొక్కేనికి, నీళ్లు తగలనంత దూరంలో ఉండాలి. ఆవిరికి పోగు సడలుతుంది. చల్లారాక దువ్వు, వేడిగా ఉన్నప్పుడు దువ్వితే సాగుతుంది.

ప్రశ్న: విమానాశ్రయంలో తనిఖీ దగ్గర విగ్గు తీయమంటారా? అందరి ముందూ తీయాల్సి వస్తుందేమోనన్న టెన్షన్‌తో రెండు ప్రయాణాలు మానుకున్నాను. పాస్‌పోర్టు ఫొటోలో నా జుట్టు పొడుగ్గా ఉంది, ఇప్పుడు విగ్గు పొట్టిది. అదీ ఒక భయం.

జవాబు: మానుకోకండి అమ్మా. విగ్గు పెట్టుకున్నంత మాత్రాన మెషీన్ మోగదు. మోగేది మనం భయంకొద్దీ గుచ్చుకున్న ఇనప పిన్నులకు. ప్రయాణం రోజున పిన్నులు మానేసి, లోపల వెల్వెట్ పట్టీ ఒకటి కట్టుకోండి. గుండు మీద కూడా విగ్గు జారకుండా పట్టి ఉంచుతుంది, లోహం ఏమీ ఉండదు. కొన్ని స్కానర్లు తల మీద ఒత్తుగా, ఎత్తుగా ఉన్నదాన్ని చూపిస్తాయి. అప్పుడు సిబ్బంది చేత్తో తడిమి చూస్తామంటారు. వాళ్ల చెయ్యి తల మీదికి రాకముందే మీరే మెల్లగా “ఇది విగ్గండీ, చూడాలంటే విడిగా గదిలో చూడండి, ఆడవాళ్లే చూడాలి” అనండి. అలా అడగడం వాళ్లకు కొత్తేం కాదు. నేనైతే అవసరం పడినా పడకపోయినా చేతిసంచిలో ఒక స్కార్ఫు మడిచి ఉంచుకుంటాను. ఇన్నేళ్లలో నన్ను విడిగా తీసుకెళ్లింది రెండేసార్లు. రెండుసార్లూ నిమిషంలో తేలిపోయింది.

ఫొటో సంగతి వదిలేయండి. వాళ్లు పోల్చేది ముఖాన్ని. జుట్టు కత్తిరించుకున్నవాళ్లు, రంగేసుకున్నవాళ్లు రోజుకు వందలమంది ఆ కౌంటర్ దాటుతుంటారు.

బ్యాగులో ఉన్న విగ్గును మాత్రం తెరిచి చూపించమనవచ్చు. స్కానర్ తెర మీద అదొక మబ్బులాగా కనిపిస్తుందట. జిప్పు తీయగానే పైనే, శుభ్రమైన సంచిలో ఉంటే పైపైన చూసి వదిలేస్తారు. అడుగున ఉంటే లాగాల్సి వస్తుంది. నాటకాల రోజుల్లో ఒకసారి నా బ్యాగు తెరిచిన ఉద్యోగికి ముందు రాక్షసుడి గడ్డం తగిలింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్న వేగం నాకింకా గుర్తే. ఆ తర్వాత ఆరు మీసాలు వరసగా బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ ఎవరిదో అడిగి మరీ పంపించాడు.

ప్రశ్న: మేడమ్, నాకు ముప్ఫై రెండేళ్లు. జిగురుతో అంటించే హెయిర్ ప్యాచ్ వాడుతున్నాను. స్నేహితులతో వారం రోజులు సముద్రతీరానికి వెళ్తున్నాం. జిగురు, రిమూవర్ విమానంలో తీసుకెళ్లొచ్చా? ఈత కొట్టొచ్చా?

జవాబు: సీసా మీద మంట గుర్తు ఉందో లేదో ముందు చూసుకో బాబూ. ఆ గుర్తున్న జిగురును గానీ రిమూవర్‌ను గానీ సాధారణంగా ఏ బ్యాగులోనూ రానివ్వరు. నీళ్లలో కలిసే రకమైతే పర్లేదు. చేతి సామానులో ద్రవాలకు చాలా చోట్ల 100 మిల్లీలీటర్ల హద్దు ఉంది, సీసా సగమే నిండినా లెక్క సీసా సైజుదే. హెయిర్ స్ప్రే డబ్బా చెకిన్‌లో వేసుకోవచ్చు, ఒక్కో డబ్బా 500 మిల్లీలీటర్లు మించకూడదు. వారానికే కాబట్టి జిగురు మానేసి రెండువైపులా అంటుకునే టేపు ముక్కలు తీసుకెళ్లడం మేలు. వాటికి ఏ తిప్పలూ లేవు. అలవాటు లేకపోతే ఇంటి దగ్గరే రెండు రోజులు టేపుతో తిరిగి చూసుకో. టేపు చర్మానికి పడుతుందో లేదో అక్కడికి వెళ్లాక తెలుసుకోకూడదు.

ఈత విషయంలో నేను కఠినంగానే చెబుతాను. ఉప్పునీళ్లు జుట్టును ఎండగొడతాయి, ఎండ రంగు తినేస్తుంది, కెరటం తగిలితే అంచు లేస్తుంది. తల ముంచక తప్పదనుకుంటే పాత ప్యాచ్ ఒకటి దానికే కేటాయించుకుని, బయటికి రాగానే మంచినీళ్లతో కడుగు. లేదంటే ప్యాచ్ గదిలో పెట్టి టోపీతో వెళ్లు. నీ స్నేహితులకు తెలుసో తెలియదో నువ్వు రాయలేదు. తెలిస్తే వారం హాయిగా గడుస్తుందని మాత్రం అంటాను.

ప్రశ్న: మా ఔత్సాహిక నాటక బృందం ఏటా నాలుగైదు చోట్ల ప్రదర్శనలిస్తుంది. ఏడు విగ్గులు, నాలుగు గడ్డాలు, అన్నీ ఒకే అట్టపెట్టెలో. పోయినసారి ఆ పెట్టెను కారు వెనక అద్దం కింద పెడితే ఒక రింగుల విగ్గు చీపురుకట్టలా అయింది. బాగవుతుందా? మిగతావి ఎలా మోయాలి?

జవాబు: ఈ ఉత్తరం చూడగానే నాకు మా పాత ట్రంకు పెట్టెల వాసన వచ్చింది. జవాబు కాస్త పొడుగవుతుంది, ఓర్చుకోండి.

ముందు ఆ చీపురుకట్ట సంగతి. కొసలను వేళ్ల మధ్య నలిపి చూడండి. గరుగ్గా, బిరుసుగా, కాలిన ప్లాస్టిక్కులా తగిలితే పోగు కరిగి ముడుచుకుంది. అది ఇక రాదు, అంతవరకు కత్తిరించాల్సిందే. మెత్తగానే ఉండి రింగులు మాత్రం పోయాయా, అయితే బతుకుతుంది. తడిపి, పాయలు తీసి రోలర్లకు చుట్టి, దూరం నుంచి ఆవిరి పట్టండి. అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. పూర్తిగా చల్లారేదాకా రోలర్లు విప్పకూడదు. ఆకారం నిలబడేది చల్లారేటప్పుడు. నేను రాత్రి చుట్టి పొద్దున విప్పుతాను. ఓపికలేక గంటకే విప్పిన విగ్గు రంగస్థలం మీద రెండో అంకానికి జారిపోతుంది.

ఎండలో ఆపిన కారులో గాజు కింద వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. అందులో కొన్ని గంటలు పడి ఉంటే సాదా సింథటిక్ ఏమవుతుందో మీరే చూశారు. డిక్కీ కొంత నయం గానీ, నా పద్ధతి వేరు. బండి ఆగితే మనుషులతో పాటే విగ్గుల పెట్టె కూడా దిగుతుంది. మీసాలు అంటించే స్పిరిట్ గమ్ సీసా కూడా దిగాలి. అది మండే సరుకు, వేడి బండిలో వదలకూడదు.

అట్టపెట్టె మార్చండి. నొక్కితే లోపలికి పోని పెట్టె కావాలి. ఇంగ్లండు కోర్టుల్లో బారిస్టర్లు గుర్రపు వెంట్రుకల విగ్గులు పెట్టుకోవడం మీకు తెలిసే ఉంటుంది. వాటిని మోయడానికి నల్లటి రేకు డబ్బా ఉంటుంది, మీద బంగారు రంగు అక్షరాలతో యజమాని పేరు. 1822లో హంఫ్రీ రేవెన్స్‌క్రాఫ్ట్ అనే ఆయన, మాటిమాటికీ రింగులు తిప్పి పౌడరు కొట్టే పని లేకుండా గుర్రపు వెంట్రుకలతో ఆ విగ్గు చేశాడు. రెండు వందల ఏళ్లయినా దాదాపు అదే రకం వాడుతున్నారు. మనకు అంత దర్జా అక్కర్లేదు గానీ గట్టి డబ్బా, దాని మీద పేరు అన్న రెండూ నేర్చుకోదగ్గవే. మీ డబ్బాల మీద పాత్ర పేరు, నటుడి తల చుట్టుకొలత రాయండి. 55 సెంటీమీటర్ల తలది 58 తలకు లాగితే తెగేది వెనక కుట్టే.

ముఖ్యమైన వేషాల విగ్గులకు థర్మోకోల్ తలలు పెట్టి, పిన్నులతో బిగించి నిలబెట్టండి. చోటు తింటాయి, నిజమే, కానీ దించగానే వాడుకోవచ్చు. చిన్న వేషాలవి టిష్యూ నింపి రెండేసి చొప్పున సర్దండి. గడ్డాలు, మీసాలు అట్టముక్క మీద పరిచి, పైన పలుచటి గుడ్డ చుట్టాలి. అంతకుముందు వాటి లేసుకు అంటిన గమ్ తుడవాలి. అది అలాగే ఉంటే దారి పొడుగునా దుమ్ము పట్టుకుంటుంది, తర్వాత నటుడి పెదవి మీద గీరుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద శత్రువు ఎండ అనుకుంటారు. నన్నడిగితే చెమట. మాకొక ముసలి రాజు వేషం ఉండేది, తెల్లటి పొడుగు జుట్టు. ఒక రాత్రి ప్రదర్శన అయిపోయి, తెల్లవారుజామునే బండి ఎక్కాలని కంగారు పెడితే, చెమటతో తడిసిన ఆ విగ్గును ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టెలో పడేశాను. మూడో రోజు తెరిస్తే బూజు వాసన గుప్పుమంది. టోపీ అంచున నల్లటి చుక్కలు. ఆ సాయంత్రమే ప్రదర్శన. ఉతికి, ఫ్యాను కింద పట్టుకుని కూర్చున్నాను. ఆరిందనుకుని పెట్టాం, ఆరలేదు. రాజుగారు దర్బారు సీను అంతా తల గోక్కుంటూనే నడిపించారు. తడి విగ్గు తప్పనిసరైతే గాలి ఆడే నెట్ సంచిలో, విడిగా, పెట్టె బయట వేలాడాలి. ప్లాస్టిక్ కవరు మూతి కట్టి మాత్రం వద్దు.

ప్రశ్న: రాత్రంతా బస్సులో నిద్రపోవాలి. విగ్గు పెట్టుకునే పడుకోవచ్చా?

జవాబు: పడుకోకండి. ఒక్క రాత్రి నలుగుడుకు వారం వాడినంత చిక్కు. లైట్లు ఆర్పాక, తీసి పైన చెప్పినట్టు సంచిలో పెట్టి, మెత్తటి టోపీ పెట్టుకోండి. అది కుదరని చోట జుట్టును ముందుకు వేసుకుని వదులుగా అల్లి, మెడ దిండుకు శాటిన్ గుడ్డ చుట్టండి. ఆ దిండ్ల మీద ఉండే నూగు గుడ్డ అంత హాని ఇంకోటి చెయ్యదు. విమానంలోనూ ఇంతే. అక్కడి గాలి మరీ పొడిగా ఉండటంతో సింథటిక్ పోగులు ఒకదాన్నొకటి తోసుకుని లేచి ముఖానికి అంటుకుంటాయి. అరచేతికి కొంచెం తడి చేసుకుని పైపైన నిమిరితే దిగుతాయి.

ప్రశ్న: అక్కా, పదిహేనేళ్ల తర్వాత కాలేజీ స్నేహితురాళ్లం ఐదుగురం కలిసి మూడు రోజులు ఒకే గదిలో ఉండబోతున్నాం. నాకు విగ్గు ఉందని వాళ్లకు తెలియదు. రాత్రి తీస్తే ఎక్కడ పెట్టను? స్టాండు తీసుకెళ్తే బయటపడిపోతుంది.

జవాబు: స్టాండు లేకపోయినా గడుస్తుంది. లీటరు నీళ్ల సీసా మెడకు తువ్వాలు గుండ్రంగా చుట్టి దాని మీద తొడిగితే చాలు. తువ్వాలు విగ్గు సైజుకు మించి లావుగా చుట్టకు, టోపీ సాగిపోతుంది. ప్లాస్టిక్ ముక్కలు ఒకదానిలో ఒకటి దూర్చే మడత స్టాండులూ ఉన్నాయి, విప్పితే పుస్తకమంత పలుచన. ఏదైనా సరే లైటు దగ్గర, కిటికీ దగ్గర పెట్టకు. టేబుల్ ల్యాంపు మీద తగిలిస్తే సరిగ్గా తలలాగే కూర్చుంటుంది, ఎవరో మరిచిపోయి స్విచ్ వేస్తే పైభాగం మాడుతుంది. నాకు తెలిసినావిడకు అదే జరిగింది.

బాత్‌రూంలో దాచాలని ఉంటుంది నీకు. వద్దు. నలుగురి స్నానాల ఆవిరి, తడి చేతులు, ఎవరో తువ్వాలనుకుని లాగడం. అల్మరాలో పై అర నీ కోసం ముందే పట్టుకుని, డబ్బా మూత తెరిచి ఉంచి అందులో పెట్టు. రాత్రికి పూల రంగుల శాటిన్ టోపీ ఒకటి కొనుక్కో. అడిగితే జుట్టు చిక్కు పడకుండా అని చెప్పు. అబద్ధం కూడా కాదు.

అయినా ఇంకో మాట చెప్పనా? నేనూ మొదటిసారి ఇలాగే పాత స్నేహితురాళ్లతో ఉండాల్సి వచ్చింది. మొదటి రాత్రి అందరూ పడుకునేదాకా మేలుకుని, పొద్దున అందరికంటే ముందు లేచాను. రెండో రాత్రికి ఓపిక అయిపోయి, మాట్లాడుతూ మాట్లాడుతూనే తీసి ఒళ్లో పెట్టుకుని దువ్వడం మొదలుపెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ లేచి తన బ్యాగు జిప్పు తీసి, ముడి లావుగా కనబడటానికి ఇరవై ఏళ్లుగా పెట్టుకుంటున్న సవరం తెచ్చి నా పక్కన పడేసింది. “దీనికీ చిక్కు తియ్యి,” అంది.